ఏసీలో పెట్టిన ఊరు

ముందే చెప్పేస్తున్నాను, దొంగతనం చేశాను. ఏదో ఆవేశంలో ఒక పూట చేసింది కాదు. పధ్నాలుగు రోజుల పాటు, సెలవు పెట్టకుండా, టైముకి బస్సెక్కి వెళ్ళి మరీ చేశాను. అవసరం వస్తే మళ్ళీ చేస్తాను. మోకాళ్ళ నొప్పులతో యాభై మూడు హార్డ్ డిస్కులు ఎత్తుకొచ్చిన ఆడమనిషి పల్నాడు మొత్తం మీద ఇంకొకతె ఉంటే వచ్చి నా ఎదురుగా కూర్చోమనండి, కాఫీ పెట్టిస్తాను.

నరసరావుపేటలో ఒక వీడియో మిక్సింగ్ సెంటర్లో పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. కెమెరా పట్టుకున్నవాళ్ళు పెళ్ళి నుంచి తెచ్చిన ఎనిమిది గంటల బొమ్మని మూడు గంటలకి కోసి, తాళి కట్టేటప్పుడు గులాబీలు రాలినట్టు, పెళ్ళికూతురి మొహం తామరపువ్వులోంచి పైకి తేలినట్టు అతికించడం నా పని. మూడు మండలాల పెళ్ళిళ్ళు నా వేళ్ళ కింద నడిచాయి. ఎవరింట్లో పప్పు చాలలేదో, ఎవరి మేనమామ అలిగి మధ్యలోనే బస్సెక్కాడో నాకు తెలుసు. పార్టీకి, అంటే పెళ్ళివారికి, ఇచ్చేది మూడు గంటలే. మిగతా అయిదు గంటలూ, అంటే జనం తమని ఎవరూ చూడటం లేదనుకుని తిరిగే అసలు బొమ్మంతా, డిస్కుల్లో ఉండిపోయేది.

నేను పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. బెల్లంకొండ దాటి పోతే కృష్ణ ఒడ్డున ఉండేది. ప్రాజెక్టు కట్టాక ముంపులో పోయింది. మా వాళ్ళందరికీ దూరంగా మెరక మీద కాలనీ కట్టి ఇళ్ళిచ్చారు. వీధులు తిన్నగా ఉంటాయి, ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, కొత్తలో మా పెద్దమ్మ రోజూ పక్కింట్లోకి వెళ్ళి పొయ్యి ఎక్కడుందని వెతికేది. ఖాళీ చెయ్యాలని కాగితాలు వచ్చిన తర్వాత రెండేళ్ళు మా ఊళ్ళో జరిగినన్ని పెళ్ళిళ్ళు ఏ ఊళ్ళోనూ జరిగి ఉండవు. గోడలు నిలబడి ఉండగానే, ఆ గడప మీద పసుపు ఉండగానే పిల్లకి మూడు ముళ్ళు వేయించాలని ఒకటే తొందర. అన్ని పెళ్ళిళ్ళకీ మా సెంటరు కెమెరానే. నేనే మాట్లాడిపెట్టాను.

మా ఊరి రేవుకి నూట పదహారు మెట్లు. ఈ మాట నేను చెప్పని మనిషి లేడు. మా రేవులో పట్టిన చేప ముల్లుతో మా తాత దడి కట్టాడని కూడా చెబుతుంటాను, అది వేరే సంగతి. మెట్ల సంగతి మాత్రం నిజం. మా ఆయన పిడుగురాళ్ళలో నాపరాళ్ళ ఫ్యాక్టరీలో కటింగ్ మిషను మీద పని చేస్తాడు. రాయి గురించి ఎవరేం చెప్పినా నమ్మడు, నేను చెబితే అసలు నమ్మడు.

"నూట పదహార్లా? అయ్యేమన్నా మెట్లంటే, చదివింపులా?" అంటాడు.

"నువ్వు చూసి చచ్చావా?"

"యాడ చూడనిచ్చారే? పెళ్ళినాడు మీ వాళ్ళు పెట్టిన పులిహోరకి కడుపునొప్పి వచ్చి పందిట్లోనే పడుకుంటిని. తర్వాత ఫ్యాక్టరీలో సెలవియ్యలా, మళ్ళీ వచ్చేసరికి నీళ్ళొచ్చినయ్యి."

అదీ నా కష్టం. ఆ మెట్లకి నా నోరు తప్ప సాక్ష్యం లేదు. నా నోరు ఎటువంటిదో ఊరందరికీ తెలుసు. చేప ముల్లు కథ చెప్పకుండా ఉండాల్సింది.

వేసవి మొదట్లో మా ఓనరు నన్ను పిలిచాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, వాళ్ళ నాన్న పోయాక సెంటరు చూసుకుంటున్నాడు. చెడ్డవాడేం కాదు.

"అక్కా, సెంటరు అమ్మేస్తున్నా. కొనేటాయనకి డిస్కులు ఖాళీగా కావాలంట. రెండు వారాల్లో అన్నీ చెరిపెయ్" అన్నాడు.

"అన్నీ అంటే? పెళ్ళిళ్ళు?"

"పాత పెళ్ళిళ్ళు ఎవరు చూస్తారక్కా? చేసుకున్నోళ్ళే చూడట్లా."

నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనలేదంటే భయపడాలని మా ఆయనకి తెలుసు, పాపం ఓనరుకి తెలియదు.

మా ఊరు వరకు తెచ్చుకుంటే చాలని మొదట అనుకున్నాను. కానీ డిస్కులు ఊళ్ళ ప్రకారం ఉండవు, ముహూర్తాల ప్రకారం ఉంటాయి. ఒకే ముహూర్తానికి పెదకూరపాడులో ఒకటి, మా ఊళ్ళో రెండు, నకరికల్లులో ఒకటి, అన్నీ ఒకే డిస్కులో కలగాపులగం. ఎందులో ఏముందో రాసిన పుస్తకాన్ని చెదలు తిన్నాయి. ఒక్క ఊరి కోసం మూడు మండలాలు ఎత్తుకురావాల్సి వచ్చింది. నేను అత్యాశపరురాలిని కాదు.

ఎత్తుకురావడానికి సాధనం, పొలానికి కూలీల అన్నం తీసుకెళ్ళే పాతకాలపు నాలుగు గిన్నెల క్యారేజీ. గిన్నెకొక డిస్కు సరిగ్గా పట్టేది. పొద్దున అన్నంతో వెళ్ళేదాన్ని, సాయంత్రం డిస్కులతో వచ్చేదాన్ని. మూడో రోజు కండక్టరు క్యారేజీ ఎత్తి చూశాడు.

"ఏందక్కా, పొద్దుటికంటే బరువెక్కింది? అన్నం తినట్లేదా ఏంది?"

"మా ఓనరమ్మ కూరలు పెడతందయ్యా."

"అట్టాంటి ఓనర్లు యాడ దొరుకుతారక్కా!"

సెంటర్లో డిస్కుకొక అట్టపెట్టె. డిస్కు తీస్తే పెట్టె ఖాళీ అవుతుంది, ఎత్తితే తెలిసిపోతుంది. ఇక్కడ మా ఆయన అవసరం పడింది. సంగతంతా చెప్పాను. మొహం చిట్లించి, డిస్కుని చేతిలో రెండుసార్లు ఎగరేసి బరువు చూసి, మర్నాడు ఫ్యాక్టరీ నుంచి అదే కొలతకి కోసిన నాపరాతి బిళ్ళ తెచ్చాడు. అంచులు పాలిష్ పట్టి మరీ తెచ్చాడు.

"దొంగసొమ్ముకి పాలిష్ దేనికయ్యా?"

"పని పనే గదే. గరుగ్గా ఉంటే నా పేరు పోదా?"

పధ్నాలుగు రోజులు, యాభై మూడు డిస్కులు, యాభై మూడు రాళ్ళు. "ఈ రోజు ఎన్నయ్యాయక్కా?" అని ఓనరు అడిగేవాడు. "నాలుగు ఖాళీ అయ్యాయి తమ్ముడూ" అనేదాన్ని. ఆ నాలుగు పెట్టెల్లో బొమ్మ గాని, చప్పుడు గాని ఏమీ లేని మాట నిజమే కదా.

దొంగిలించడం తేలిక. దాచడంలోనే ప్రాణం పోయింది. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరుకి మొదటి డిస్కు తగిలించి కాపీ పెట్టాను. పదకొండు గంటలు పడుతుందంది. కరెంటు పోయి వచ్చింది. రెండు రోజులంది. మధ్యాహ్నానికి మళ్ళీ పదకొండు గంటలంది. మాచర్ల బస్సు ఎప్పుడొస్తుందని స్టాండులో అడిగితే చెప్పినట్టే చెప్పింది. అయినా ఎందులోకి కాపీ చేస్తాం? అన్ని కొత్త డిస్కులు ఎక్కడ తెస్తాం? "అంతా ఇంటర్నెట్లోకి ఎక్కించెయ్యండి, పైన ఉంటుంది" అన్నాడు సెల్ షాపతను. నా ఫోనుకి రోజుకి ఒకటిన్నర జీబీ వస్తుంది. డిస్కుకి వెయ్యి జీబీ అనుకుని కాగితం మీద లెక్క కట్టాను. తొంభై ఏడేళ్ళు వచ్చింది. నాకు యాభై ఒకటి నడుస్తోంది. సరే, ఎక్కించడం పూర్తయ్యేదాకా బతుకుతాను, మా వంశంలో గట్టిపిండాలే. కానీ ఆ తర్వాత చూసేది ఎప్పుడు?

మాది రేకుల ఇల్లు. సెంటర్లో డిస్కులు చల్లటి గదిలో పెరిగాయి. మూడో రోజు మధ్యాహ్నం కాపీ అవుతున్న డిస్కు గోడ మీద బల్లిలా టిక్కు టిక్కుమంది. పట్టుకుంటే అట్లకాడలా కాలింది. తర్వాత ఎప్పుడూ తెరుచుకోలేదు. అందులో ఎవరి పెళ్ళిళ్ళున్నాయో ఈనాటికీ తెలియదు. మిగతా యాభై రెండూ మంచం కింద వరసగా ఉన్నాయి. అందులో ఏదో ఒక దాంట్లో మా రేవు ఉంది. ఇంకో నెల ఎండలకి అదీ టిక్కుమంటుంది.

"ఇదేం ఎండే, మా రెంటచింతల్లో అయితే ఈ పాటికి కరిగి కారిపోయేయి" అన్నాడు మా ఆయన. ఆయన పుట్టింది రెంటచింతల. దేన్ని చూసినా ఆ ఊరి ఎండతో పోలుస్తాడు.

చల్లటి చోటు ఎక్కడుంది? ఆలోచిస్తే పల్నాడులో మనుషులకి లేదు గాని మిరపకాయలకి ఉంది. ధర లేనప్పుడు రైతులు మిరపకాయలు టిక్కీలకెత్తి, అంటే గోనె బస్తాల్లో తొక్కించి, కోల్డ్ స్టోరేజీలో పెడతారు. మా వాళ్ళు దాన్ని ఏసీ అనే అంటారు. ఏడాదైనా కాయ రంగు తగ్గదు. కాయకి పనికొచ్చిన చలి కళ్యాణానికి పనికిరాదా? కాలనీలో మా బాబాయి, వరసకి బాబాయి, ముప్పై టిక్కీలు పెట్టబోతున్నాడు. వెళ్ళి అడిగాను.

"డిస్కులా? ఘాటు పట్టవూ?"

"పడితే పట్టనీ బాబాయ్. తాళి కట్టే టయానికి ఎట్టాగూ అందరూ ఏడుస్తారు."

ఒక్కో డిస్కుకి రెండు పొరల పాలిథీన్ చుట్టి, చుట్టూ మిరపకాయలు కూరి, యాభై రెండూ ఒకే టిక్కీలో సర్దాం. గుర్తుకి నా ఎర్ర చీర అంచు చింపి మూతికి కట్టాను. ముప్పై ఒక్క టిక్కీలకి బాబాయి పేరున బాండు, అంటే సరుకు రసీదు, ఇచ్చారు. ఇంటికొచ్చి, చాన్నాళ్ళ తర్వాత, మా ఊరు చల్లగా ఉందనుకుని నిద్రపోయాను.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. ఒక పొద్దున బాబాయి ఫోను చేశాడు. గొంతులో పెళ్ళి కళ.

"అమ్మాయ్, ధర లేచిందే! సరుకు అమ్మేశా. బాండు ఇచ్చేశా, లారీ కూడా వచ్చింది."

"నా టిక్కీ?"

"నాకు తెలవదా ఏందే? ముప్పై ఒకట్లో ముప్పయ్యే అమ్మేశా. ఒకటి ఉంచమన్నా. ఆ ఒకటి నీదే."

"నాదే అని వాళ్ళకి ఎట్టా తెలుస్తది బాబాయ్?"

మెల్లగా, "అదేనే, నేనూ ఇప్పుడే అనుకుంటన్నా" అన్నాడు.

మా ఆయన బండి మీద వెళ్ళాం. ఆయన జన్మలో అంత వేగంగా నడపలేదు. వెళ్ళేసరికి కోల్డ్ స్టోరేజీ ముందు లారీకి తాడు బిగిస్తున్నారు. ముప్పై ఎక్కాయి. లోపల మిగిలిన ఒక్కటీ తెప్పించి నొక్కి చూశాను. మెత్తగా ఉంది, అంతా కాయే. ఎర్ర అంచు ఏ టిక్కీకీ లేదు, ఎక్కడో ఊడిపోయింది. వ్యాపారి గుమస్తా వాచీ చూసుకుంటున్నాడు.

"ముప్పై దించి ఎతుకుతారా? కుదరదమ్మా. మిర్చి యార్డుకి టైమైపోతంది."

లారీకి అడ్డంగా నిలబడ్డాను. "నన్ను కూడా ఎక్కించుకుని పో అయితే. ముప్పై ఒకటవుతాయి."

అప్పుడు నీడలో కూర్చుని బీడీ వెలిగిస్తున్న ఒక హమాలీ వీపు తడుముకుంటూ లేచాడు.

"అమ్మా, లోపల గట్టిగా ఉంటదా మీది?"

"ఇటికల్లా ఉంటది."

"అయితే నేనే మోశా. వీపున ఇంత లోతు దిగింది. ఎవుడ్రా కాయలో రాళ్ళు కలిపిందని వాడి అబ్బని కూడా తిట్టుకున్నా. తలుపు కాడ, అడుగు వరసలో మూడోది."

అడుగు వరస కాక ఇంకెక్కడుంటుంది! గుమస్తా మొహం మారిపోయింది. "రాళ్ళు కలిపి అమ్ముతన్నారా?" అని బాబాయి మీదికి లేచాడు.

"రాళ్ళు నరసరావుపేటలో పెట్టొచ్చానయ్యా, ఇందులో ఉన్నవి పెళ్ళిళ్ళు. నీకు ముప్పై టిక్కీల కాయేగా కావాల్సింది? ఇది దించి అది ఎక్కించుకో" అన్నాను. అతనికి సగం కూడా అర్థమై ఉండదు గాని, లోపలున్న మంచి టిక్కీని చూసి ఊరుకున్నాడు.

దించారు. వెంటనే మూతి కుట్టు తెంపబోయాను. షెడ్డు కింద తొడిమలు తీస్తున్న ఒక ముసలామె అక్కడి నుంచే అరిచింది.

"ఏమే, ఇప్పమాక! నీకేమన్నా మతుందా? ఏసీలోంచి తీసిన సరుకు ఇప్పుడే ఇప్పితే చెమట పడతది. రేపు ఈ పాటిదాకా మూతి ముయ్యి. దానిదీ, నీదీ."

జీవితంలో నాకు ఎదురు చెప్పి గెలిచినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఆమె ఒకతె. ఆమె చెప్పాక చూస్తే గోనె పైన అప్పుడే సన్నగా తేమ మెరుస్తోంది. అది డిస్కుల మీద పడాల్సిన నీరు. పంతొమ్మిదేళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చున్న నాకు రాని ఆలోచన, కాయ తొడిమలు తీసే మనిషికి వచ్చింది. చెంగుతో చేతులు తుడుచుకుని దణ్ణం పెట్టాను.

మర్నాడు పొద్దున టిక్కీ మా వసారాలో మూతి మూసుకునే ఉంది. నేను పక్కన పీట వేసుకుని గడియారం చూస్తున్నాను. అప్పుడే మా ఓనరు వచ్చాడు, చేతిలో నాపరాతి బిళ్ళతో. సెంటరు కొన్నాయన ఆషాఢంలో ముట్టుకోకూడదని ఆగి, శ్రావణంలో కొబ్బరికాయ కొట్టి పెట్టెలు తెరిచాడట.

"ఏందక్కా ఇది?"

"నాపరాయి తమ్ముడూ. మా ఆయన పాలిష్. ఎన్నిసార్లు చెరిపినా చెడదు."

"ఎకసెక్కాలు ఆడమాక. నమ్మి పని చెబితే దొంగతనం చేస్తావా? స్టేషనుకి పోతన్నా."

"పద, నేనూ వస్తా. ఏం పోయిందని రాయిస్తావు?"

"డిస్కులు."

"ఖాళీవా, నిండువా?"

"నిండువే."

"మరి అందులో ఏముందో రాయించాలి గదా. నీకు తెలవదు, నేను చెబుతా, రాసుకో. మా ఊళ్ళో వడ్డోళ్ళ బజారు పెళ్ళి. ఎండబోసిన మిరపకాయలు తొక్కాడని కెమెరా అబ్బాయిని ఒక అవ్వ చీపురు తీసుకుని వీధి చివరిదాకా తరిమింది, ఆ పరుగంతా ఉంది. రాసుకో. పడమటి బజారులో పెళ్ళికొడుకు బండి దిగబోతూ పేడకళ్ళలో కాలేశాడు. పూర్ణయ్య గుంట కాడ..."

"అక్కా..."

"ఆగు, ఇప్పుడేగా మొదలెట్టింది. ఒక నల్లకుక్క ఏడు పెళ్ళిళ్ళల్లో ఉంది. పిలిచినా పిలవకపోయినా ప్రతి పందిట్లో..."

ఓనరు రాయి పక్కన పెట్టాడు. "తోక తెగిన కుక్కా?"

"ఆఁ, అదే."

"అది నన్ను కరిచింది" అన్నాడు. ప్యాంటు పైకి లాగి పిక్క మీద మచ్చ చూపించాడు. వాళ్ళ నాన్న బతికున్న రోజుల్లో మా ఊరి పెళ్ళిళ్ళకి లైటు పట్టుకోవడానికి ఇతనే వచ్చేవాడు. ఆ సంగతి నేనూ మర్చిపోయాను, అతనూ మర్చిపోయాడు. కుక్క మాత్రం ముద్ర వేసి ఉంచింది. మా ఆయన మజ్జిగ తెచ్చిచ్చాడు. అతను గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు.

"ఆయనకి వేరే డిస్కులు నేను ఏర్పాటు చేసుకుంటా. కానీ అయ్యి నావక్కా."

"డిస్కులు నీవే. అందులో ఊరు మాది. ఊరు దించుకుని డిస్కులు ఇచ్చేస్తా."

"ఎప్పుడు?"

"కాపీ అయినాక."

సాయంత్రం టిక్కీ విప్పాం. ఘాటుకి వీధంతా తుమ్మింది. యాభై రెండింట్లో నాలుగు కళ్ళు తెరవలేదు. మిగతా నలభై ఎనిమిదీ ఒక్కొక్కటే తిరిగాయి. అన్నీ పొడిగా ఉన్నాయి. చూడటానికి పన్నెండు రోజులు పట్టింది. కాలనీవాళ్ళు వంతులవారీగా వచ్చి, ఎవరి పెళ్ళి వాళ్ళు ఫోన్లలో వేసుకుపోయారు. మా పెద్దమ్మ తన పాత ఇంటి పొయ్యి చూసి, "అదుగో, నేను చెప్పలా, తూరుపు పక్కనే!" అని అందరినీ తిట్టింది.

పంతొమ్మిదో డిస్కులో రేవు దొరికింది. పెళ్ళికూతురి స్నానానికి నీళ్ళు తేవడానికి ఆడవాళ్ళంతా బిందెలతో దిగుతున్నారు. అందులో నేనూ ఉన్నాను, సన్నగా, ఎవరినో తిడుతూ. మెట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మా ఆయన బొమ్మ ఆపించాడు. కళ్ళజోడు పెట్టుకుని, తెర మీద వేలు పెట్టి, రాయికి కొలత తీసినట్టు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి.

"ముప్పై ఒకటి" అన్నాడు. ఆ నవ్వు మీరు చూడాల్సింది. "ఏమే, మిగతా ఎనభై అయిదూ యాడికి పోయినయ్యి?"

నేను తెర దగ్గరికి వెళ్ళి చూపించాను. ముప్పై ఒకటో మెట్టు దగ్గర నీళ్ళు మొదలవుతాయి. ఆ ఏడు కృష్ణ నిండుగా ఉంది. మిగతావి అప్పటికే నీళ్ళలో ఉన్నాయి. నమ్మనివాళ్ళు బెల్లంకొండ దాటి వెళ్ళి, దిగి, లెక్కపెట్టుకోవచ్చు. ఓనరు అప్పుడప్పుడూ ఫోను చేసి డిస్కులు అడుగుతుంటాడు. కాపీ అవుతోంది తమ్ముడూ, ఇంకా పదకొండు గంటలంటోంది, అని చెబుతాను.